మళ్ళీ వచ్చే ఉత్సవం, తొందరపడే కెమెరా

కొన్నేళ్ళ క్రితం, నేనుంటున్న నగరంలోనే, ఒక ఆరుబయలు వేదిక మీద నాట్య ప్రదర్శన జరిగింది. గంటన్నర సాగిన ఆ కార్యక్రమంలో నేను తొమ్మిది వందలకు పైగా ఫోటోలు తీశాను. ఇంటికి వచ్చాక, ఎలా జరిగిందని అడిగినవారికి ఆ ఫోటోలు చూపించబోతూ, చివరి అంశంలో ఏ కథను అభినయించారో నాకే తెలియదని గ్రహించాను. నర్తకి కుడిచేతి వేళ్ళు ఏ క్షణాన ఎటు తిరిగాయో చెప్పగలను గాని, ఆ వేళ్ళు ఏం చెప్పాయో చెప్పలేను. పెళ్ళిపందిట్లో పూటంతా తిరిగి, పెళ్ళికూతురి పేరైనా తెలుసుకోకుండా వచ్చినవాడి పరిస్థితి నాది. తొమ్మిది వందలలో మంచివి పదకొండు తేలాయి. వాటిని చూసినవారు మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ మెప్పు పరాయి సొమ్ములా అనిపించింది.

ఫోటోలు తీసేవాడు ఉత్సవాన్ని ఆస్వాదించలేడన్న మాట ఎంతవరకు నిజమో ఆ రాత్రి నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను. కెమెరాను ఇంట్లో వదిలి రమ్మనే స్నేహితులు నాకున్నారు. కెమెరా చేతిలో ఉంటేనే కన్ను తెరుచుకుంటుందని వాదించే స్నేహితులూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది గాని, ఇద్దరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. సొంత నగరంలో జరిగే ఉత్సవాలలో ఎక్కువ భాగం మళ్ళీ వస్తాయి. వచ్చే ఏడు వచ్చేదొకటి, వచ్చే నెల వచ్చేదొకటి, వేరే బృందంతో వేరే వేదిక మీద కనబడేదొకటి. ఈ మళ్ళీ రావడాన్ని నమ్మినవాడు చూడనూ గలడు, తీయనూ గలడు. ఇదే ఆఖరి అవకాశమన్నట్టు మీటను నొక్కుతూ పోయేవాడికి రెండూ దక్కవు. నేను ఈ వ్యాసంలో వాదించదలచినది ఇంతే.

ముందుగా, కెమెరా జ్ఞాపకాన్ని మింగేస్తుందన్న ఆరోపణను చూద్దాం. దీన్ని పరిశోధకులు ప్రయోగాలతో పరీక్షించారు. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ ఒక మ్యూజియంలో విద్యార్థులను తిప్పి, కొన్ని వస్తువులను ఊరికే చూడమనీ, కొన్నిటిని ఫోటో తీయమనీ చెప్పింది. ఫోటో తీసిన వస్తువులే వారికి తక్కువగా గుర్తున్నాయి. 2014లో ప్రచురితమైన ఆ ఫలితాన్ని కెమెరా వ్యతిరేకులు ఇప్పటికీ తిరుగులేని సాక్ష్యంలా చూపిస్తారు. అయితే అదే ప్రయోగంలో, వస్తువులో ఒక భాగాన్ని దగ్గరగా చేసి తీసినవారికి ఈ నష్టం కలగలేదన్న సంగతి చాలామంది చెప్పరు. దగ్గరగా తీయాలంటే ఏ భాగమో ఎంచుకోవాలి, ఎంచుకోవాలంటే చూడాలి. పైగా ఆ విద్యార్థులు ఏది తీయాలో తామే నిర్ణయించుకోలేదు, చెప్పినవి తీశారు. 2017లో అలిక్సాండ్రా బరాష్, మరికొందరు పరిశోధకులు తమకు నచ్చినవాటిని నచ్చినట్టు తీసుకునే స్వేచ్ఛ ఇచ్చి చూసినప్పుడు ఫలితం మరోలా వచ్చింది. ఫోటోలు తీసినవారికి కళ్ళతో చూసినది ఎక్కువగా గుర్తుంది. చెవులతో విన్నది తక్కువగా గుర్తుంది.

ఈ ఫలితాన్ని మొదటిసారి చదివినప్పుడు నా నాట్య ప్రదర్శన గుట్టు ఎవరో విప్పి చెప్పినట్టయింది. వేళ్ళు గుర్తుండి కథ గుర్తులేకపోవడానికి కారణం అదే. కథ పాటలో ఉంది, పాట చెవిలో పడింది గాని మనసులోకి వెళ్ళలేదు. సాంస్కృతిక కార్యక్రమాలు మ్యూజియంలోని బొమ్మల వంటివి కావు. వాటిలో సగం చెవికి సంబంధించినది. అందుచేత కచేరీలో కెమెరా ఎక్కువ నష్టం చేస్తుంది, ముగ్గులూ బొమ్మల కొలువులూ వంటి చిత్రకళా ప్రదర్శనలలో తక్కువ నష్టం చేస్తుంది. ఇప్పుడు నేను సంగీత కచేరీలో మొదటి రెండు పాటలకు మాత్రమే కెమెరా తీసి, ఆ తరువాత దాన్ని సంచిలో పెట్టి మూత బిగిస్తాను. మూత బిగించడం ముఖ్యం. ఒడిలో ఉన్న కెమెరా ఒడిలో ఉండదు.

కెమెరా ఆనందాన్ని పెంచుతుందని చెప్పే పరిశోధన కూడా ఉంది. క్రిస్టిన్ డీల్, ఆమె సహపరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనాలలో, నగరం చుట్టే బస్సు యాత్ర వంటి అనుభవాలను ఫోటో తీసుకుంటూ గడిపినవారు, తీయనివారికంటే ఎక్కువ ఆనందించామని చెప్పారు. కారణం వారు అందులో మరింత లీనం కావడమే. అయితే ఫోటో తీయడం ఆ పనికే అడ్డు వచ్చినప్పుడు ఈ లాభం కనబడలేదు. వీరిలో కొందరే మరో రెండేళ్ళకు, తీసిన ఫోటోలను అందరితో పంచుకోవాలనే ఉద్దేశం తీసేటప్పుడే మనసులో ఉంటే ఆనందం తగ్గుతుందని చూపించారు. తనకోసం తీసుకునేవాడు ఎదురుగా ఉన్నదాన్ని చూస్తాడు, పదిమందికోసం తీసేవాడు తనను గురించి ఆ పదిమంది ఏమనుకుంటారోనని చూస్తాడు. నన్నడిగితే, కెమెరా మీద పడే నిందలలో మూడు వంతులు నిజానికి ఈ తొందరకు చెందవలసినవి. ఫోటోను ఉత్సవం జరుగుతుండగానే లోకం మీదికి వదలకుండా ఒక వారం ఆగి చూడండి; ఏ ఫోటో మంచిదో మీకే మరోలా తెలుస్తుంది.

ఇక సొంత నగరం సంగతికి వస్తాను. ఫోటోగ్రఫీ పిచ్చి పట్టినవారందరికీ దూరపు కొండలు నునుపుగానే కనబడతాయి. ఫలానా దేశంలో రంగుల ఉత్సవం, ఫలానా చోట ముసుగుల ఊరేగింపు అని టికెట్లు కొనుక్కుని వెళతారు. మూడు రోజులుంటారు. ఆ మూడు రోజుల్లో వేలమంది అలాంటివారితో భుజాలు రాసుకుంటూ, అందరూ తీసే కోణంలోనే తీసి తిరిగి వస్తారు. వారిని తప్పుపట్టలేం, ఎందుకంటే వారికి రేపు లేదు. మన వీధి చివర జరిగే ఉత్సవంలో మాత్రం మనకు రేపుంది, మరుసటి ఏడుంది. ఈ వరం విలువను నాకు బాగా తెలియజేసినది స్పెయిన్ దేశపు ఫోటోగ్రాఫర్ క్రిస్టీనా గార్సియా రొదేరో కృషి. ఆమె తన దేశంలోనే గ్రామాలలో, చిన్న పట్టణాలలో జరిగే జాతరలనూ, మతపరమైన ఊరేగింపులనూ సుమారు 15 సంవత్సరాలపాటు తిరిగి తిరిగి తీసి, 1989లో పుస్తకంగా వెలువరించింది. ఆ చిత్రాలలో కనబడే మనుషులు కెమెరాను చూసి ముఖం సర్దుకున్నవారిలా ఉండరు. వేడుక మధ్యలో విసుగుపడేవాళ్ళు, నిద్రపోయేవాళ్ళు, వేషంలోనే నేల మీద చతికిలబడిన పిల్లలు ఉంటారు. మూడు రోజుల అతిథికి ఇవి దొరకవు, దొరికినా అతను వాటిని వేడుకలో భాగమనుకోడు.

మళ్ళీ మళ్ళీ చూడడంలో ఉన్న లాభం కేవలం పరిచయంతో ఆగదు; చేతి నేర్పుకూ అదే ఆధారం. కంటికి ఒక దృశ్యం కనబడి వేలు మీటను నొక్కేలోగా దాదాపు 0.2 సెకను గడిచిపోతుంది. ఎగిరిన నర్తకిని చూసి నొక్కితే ఫోటోలో దిగుతున్న నర్తకి వస్తుంది. కాబట్టి మంచి క్షణాన్ని చూసి తీయడం సాధ్యం కాదు, ముందే తెలిసి తీయాలి. ఎప్పుడు ఎగురుతుందో తెలియాలంటే తాళం తెలియాలి, తాళం తెలియాలంటే కనీసం ఒకసారైనా చేతులు కట్టుకుని విని ఉండాలి. ఎగిరిన శరీరం శిఖరానికి చేరినప్పుడు క్షణకాలం నిలిచినట్టుంటుంది, శిఖరానికి 0.1 సెకను ముందూ వెనుకా అది కిందికీ పైకీ కదిలేది 5 సెంటీమీటర్లే. ఆ చోటును పట్టుకోగలిగినవాడికి షట్టర్ (వెలుగును లోపలికి వదిలే తలుపు) వేగం సెకనులో 1/250 వంతు ఉన్నా సరిపోతుంది. పట్టుకోలేనివాడికి 1/1000 పెట్టినా కాళ్ళు చేతులు తెగినట్టున్న బొమ్మే మిగులుతుంది. సెకనుకు 20 ఫ్రేములు తీసే యంత్రాలు వచ్చాక ఈ విద్య అవసరం తీరిపోయిందని కొందరంటారు. వారి ఇళ్ళలో హార్డ్ డిస్కులు ఎన్ని ఉన్నాయో నేను చూశాను. వాటిలోని ఫోటోలను వారు మళ్ళీ తెరిచి చూడగా మాత్రం నేను చూడలేదు.

కాబట్టి నా పద్ధతి ఇది: ఒక కార్యక్రమాన్ని మొదటిసారి చూస్తున్నప్పుడు నేను తీయను, లేక పది పన్నెండుకు మించి తీయను. ఊరేగింపు ఏ మలుపులో ఆగుతుంది, ఎక్కడ వాద్యం వేగం పెరుగుతుంది, సూర్యుడు ఏ ఇంటి వెనక్కి వెళ్ళాక వీధి నీడలో పడుతుంది, జనం ఏ వైపునుంచి తోసుకొస్తారు అన్నవి ఇంటికి వెళ్ళి ఒక పుస్తకంలో రాసుకుంటాను. ఆ పుస్తకమే నా దగ్గరున్న అతి ఖరీదైన పరికరం. రెండోసారి వెళ్ళినప్పుడు ఎక్కడ నిలబడాలో నాకు తెలుసు గనుక, అక్కడికి ముందుగా చేరి, మిగిలిన సమయమంతా అందరిలాగా చూస్తాను.

వెలుతురు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆస్వాదనను చెడగొట్టే విసుగులో ఎక్కువ భాగం వెలుతురు అర్థం కాకపోవడంతోనే మొదలవుతుంది. రాత్రి వేదిక మీద నల్లని తెర ముందు తెల్లని దుస్తులలో ఒక్కరు నిలబడ్డారనుకుందాం. కెమెరాలోని వెలుగు కొలమానం తనకు కనబడే దృశ్యమంతా సగటున 18 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిద రంగులో ఉంటుందని భావించి లెక్క వేస్తుంది. ఫ్రేములో ముప్పాతిక నలుపే ఉంటే, దాన్ని కూడా బూడిద రంగుకు తేవాలని, లోపలికి వచ్చే వెలుగు మోతాదైన ఎక్స్‌పోజరును పెంచుతుంది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. తీసేవాడు తెర మీద చూసుకుని కంగారుపడి, ప్రదర్శనను వదిలి మీటలు తిప్పడం మొదలుపెడతాడు. ఇది ముందే తెలిసినవాడు ఎక్స్‌పోజరును ఒకటి రెండు మెట్లు తగ్గించి పెట్టుకుని, ఇక ఆ సంగతే మరిచిపోతాడు. వేదిక దీపాలు స్థిరంగా ఉంటే లెన్స్ ద్వారం ఎఫ్/2.8, షట్టర్ 1/250 సెకను, వెలుగుకు కెమెరా స్పందనను తెలిపే ఐఎస్ఓ 3200 దగ్గర మొదలుపెట్టి ఒకటి రెండు ప్రయత్నాలలో సరిచేసుకోవచ్చు. ఫోటోలో ఇసుక చల్లినట్టు కాస్త రవ్వ కనబడితే కనబడనీయండి. రవ్వ ఉన్న ఫోటోను ఎవరూ పారేయరు, కదిలిపోయిన ముఖాన్ని ఎవరూ దాచుకోరు.

ఫ్లాష్ గురించి ఒక్క మాటతో సరిపెడతాను. దూరం రెండింతలైతే దాని వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇరవయ్యో వరుసలో కూర్చుని ఫోన్ ఫ్లాష్ వెలిగించినవారు వేదికను వెలిగించడం లేదు, తమ ముందున్నవారి జుట్టును వెలిగిస్తున్నారు.

రంగుల ఎల్‌ఈడీ దీపాలు మరో తలనొప్పి. ముదురు నీలం, ముదురు ఎరుపు కాంతులలో సెన్సారులోని (కెమెరాలో వెలుగును పట్టే పలకలోని) ఒకే రంగు పొర నిండిపోయి, మిగిలినవి దాదాపు ఖాళీగా ఉండిపోవడం వల్ల ముఖంలో కన్నూ ముక్కూ తేడా లేని ఒక ముద్ద మిగులుతుంది. ఆ పాటంతా పోయిందని బాధపడే బదులు దీపాల మార్పుకు కూడా ఒక వరుస ఉంటుందని గమనించండి: ఏ పాటలోనైనా ఎక్కడో ఒకచోట మామూలు రంగు వస్తుంది, అప్పటిదాకా వింటూ కూర్చోవచ్చు. దీపాలతో ఇంకొక చిక్కుంది. నిశ్శబ్దంగా సాగే కచేరీలో షట్టర్ టకటకమంటే పక్కవారికి ఇబ్బంది కనుక మనం కెమెరాను చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టరుకు మారుస్తాం. కాని చాలా కెమెరాలలో ఆ పద్ధతిలో సెన్సారును పై వరుసనుంచి కింది వరుసదాకా ఒక్కొక్కటిగా చదువుతారు. ఆ చదివే వ్యవధిలోనే ఎల్‌ఈడీ దీపాలు కంటికి తెలియకుండా ఎన్నోసార్లు ఆరి వెలగడంతో ఫోటో అంతా అడ్డ చారలు పడతాయి. మర్యాదకూ చిత్రానికీ మధ్య తగవు పడినప్పుడు నేను మర్యాద వైపే నిలబడతాను. చప్పట్లు మోగే సమయంలో మామూలు షట్టరుతో తీస్తాను. చప్పట్లు మోగేటప్పుడు కళాకారుల ముఖాలలో వచ్చే సడలింపు, అంతసేపూ వారు పట్టి ఉంచిన అభినయంకంటే ఒక్కోసారి గొప్పగా ఉంటుందని ఆ నిర్బంధమే నాకు నేర్పింది.

ఆరుబయట జరిగే వేడుకలకు ప్రకృతే దీపాలవాడు. సూర్యాస్తమయం తరువాత, ఆకాశం పూర్తిగా నల్లబడకముందు, సుమారు 20 నిమిషాలపాటు ఆకాశపు నీలమూ వీధి దీపాల పసుపూ ఒకదానితో ఒకటి సరితూగుతాయి. ఆ సమయానికి అందరూ మంచి చోటు కోసం ముందుకు తోసుకుంటుంటారు. నేను వెనక్కి వెళతాను, వీలైతే ఒక మెట్టు పైకి ఎక్కుతాను. ఆ ఎత్తునుంచి ఉత్సవం ఎవరి మధ్య జరుగుతున్నదో కనబడుతుంది.

వెనక్కి తిరిగి తీయడమన్నది నేను కనిపెట్టిన విద్య కాదు. 1912 ఏప్రిల్ 17న పారిస్‌లో సూర్యగ్రహణం కనబడినప్పుడు, ఆ నగర వీధులను దశాబ్దాలపాటు తీసిన యూజీన్ అట్జే తన కెమెరాను ఆకాశం వైపు తిప్పలేదు. ఒక కూడలిలో గుంపుగా నిలబడి తలలెత్తి చూస్తున్న జనాన్ని తీశాడు. 1937 మే 12న లండన్‌లో ఆరవ జార్జి పట్టాభిషేకానికి ఫ్రెంచి పత్రిక తరఫున వెళ్ళిన ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ కూడా రాజును వదిలి, రాజును చూడవచ్చిన జనాన్ని తీశాడు. రాత్రంతా కాచుకుని, అలసి, తీరా ఊరేగింపు వచ్చేవేళకు కాగితాల గుట్ట మీద పడి నిద్రపోయిన ఒక మనిషి అందులో ఉన్నాడు. గ్రహణం ఫోటో ఏ ఖగోళ శాస్త్రవేత్తనడిగినా దొరుకుతుంది. ఆ రోజు ఆ కూడలిలో ఏ టోపీలు పెట్టుకుని, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో ఇంకెక్కడా దొరకదు. మన నగరంలో జరిగే ఏ వేడుకకైనా వేదిక మీది దృశ్యాన్ని తీసేవారు వందమంది ఉంటారు, నిర్వాహకులే ఒకరిని నియమించి ఉంటారు. కుర్చీలు సర్దేవారు, మైకు తీగలు చుట్టేవారు, తెర వెనుక పిన్నీసు నోట్లో పెట్టుకుని పిల్లల నడుముకు పట్టీ బిగించే తల్లులు, మూడో గంట దాకా ఎవరూ కూర్చోని చివరి వరుస: వీటిని ఆ ఊరివాడు తీయకపోతే ఎవరూ తీయరు.

ఫోటోగ్రఫీ చరిత్రలో జనసమ్మర్దం మొదట మాయమైందన్న సంగతి నాకు ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. 1838లో, ఫోటోగ్రఫీకి ఆద్యులలో ఒకడైన లూయీ డగేర్ తీసిన పారిస్ వీధి చిత్రంలో బండ్లూ మనుషులూ తిరుగుతూనే ఉన్నా, ఎక్స్‌పోజరుకు నిమిషాలు పట్టడంతో కదిలినవేవీ పడలేదు. బూట్లు తుడిపించుకుంటూ ఒకేచోట నిలబడిన మనిషి మాత్రం మిగిలాడు. నేను అప్పుడప్పుడూ షట్టరును అర సెకనుకు పెట్టి, రద్దీ మధ్యలో కదలకుండా నిలబడిన ఎవరినైనా తీసి చూస్తాను. ఉరకలేసే గుంపు పొగలా మారి, తాతగారి వేలు పట్టుకుని నిలబడిన ఒక పాప మాత్రం స్పష్టంగా వస్తుంది. పదింటిలో తొమ్మిది చెడిపోతాయి. అయినా ఒక ఊరేగింపులో ఉండడమంటే ఎలా ఉంటుందో, అన్నీ స్పష్టంగా వచ్చిన ఫోటోకంటే ఈ మసకదే నాకు ఎక్కువగా గుర్తుచేస్తుంది.

ఇక ఇతరుల సంగతి. ఒకసారి వీధి నాటకంలో నేను ఫోన్‌ను తలపైకెత్తి వీడియో తీస్తుంటే వెనుకనుంచి ఒక పెద్దావిడ, “బాబూ, నాటకం నన్ను నీ ఫోన్‌లో చూడమంటావా?” అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, నిజంగానే అడిగినట్టుంది. నేను చెయ్యి దించి, ఆవిడను ముందుకు రమ్మని, వెనుక నిలబడ్డాను. ఆ వీడియోలో పదకొండు సెకన్లే ఉన్నాయి, అందులోనూ చివరి రెండు సెకన్లు నేల. దాన్ని నేను తుడిచివేయలేదు. పక్కవారి చూపుకు అడ్డం వస్తున్నామేమోనన్న ఎరుక ఉన్నవాడికి ఫోటోలు తగ్గుతాయన్నది నిజమే. తగ్గినవి ఏమిటో చూస్తే, చెయ్యెత్తి గుడ్డిగా తీసినవే.

తీయబడేవారి మాట ఇంకా సున్నితమైనది. 1888లో కొడాక్ సంస్థ నూరు ఫోటోలకు సరిపడే ఫిల్ముతో చేతిలో పట్టే కెమెరాను అమ్మకానికి పెట్టింది. ఆ తరువాత రెండేళ్ళకే, 1890లో, వారెన్, బ్రాండైస్ అనే ఇద్దరు న్యాయవాదులు వ్యక్తిగత గోప్యత హక్కు గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, క్షణంలో తీయగలిగే ఫోటోలను ఆ హక్కుకు వచ్చిన ముప్పులలో ఒకటిగా పేర్కొన్నారు. బహిరంగ ఉత్సవంలో పాల్గొన్నవారు ఫోటోకు ఒప్పుకున్నట్టేనని కొందరు వాదిస్తారు. వేదిక ఎక్కినవారి విషయంలో కొంతవరకు ఒప్పుకుంటాను. కన్నీళ్ళు పెట్టుకుని మొక్కుకునేవారు, పూనకంతో ఒళ్ళు మరిచినవారు, వేషం మార్చుకునే పిల్లలు వేదిక ఎక్కినవారు కారు. ఇలాంటి చోట నేను కెమెరా దించుతాను. ఇక్కడ కూడా సొంత ఊరివాడికి ఒక వెసులుబాటు ఉంది. అతను అడగవచ్చు, కాదంటే మరో ఏడు మళ్ళీ అడగవచ్చు. నాకు ఇష్టమైన ఫోటోలలో రెండు, మొదటి ఏడు వద్దన్నవారివే.

ఇంతవరకు నేను ‘మళ్ళీ వస్తుంది’ అన్న మాట మీదే వాదన నిలబెట్టాను. మళ్ళీ వస్తుందన్న హామీ ఎవరిచ్చారని అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. 2020లో ప్రపంచమంతటా జనం గుమికూడడమే ఆగిపోయింది. ఏటా చూసే కార్యక్రమాలు ఆ ఏడు జరగలేదు. తిరిగి మొదలైనప్పుడు కొన్ని బృందాలలో పెద్దలు లేరు. ఆ రోజుల్లో నా పాత ఫోటోలు ముందేసుకుని కూర్చున్నప్పుడు, తీయలేకపోయిన ఫోటోల గురించి నేను బాధపడలేదు. తీసినవాటిలో ఉన్నవారి పేర్లు రాసుకోలేదని బాధపడ్డాను. మృదంగం వాయిస్తున్న ఒక వ్యక్తి నాకు ఏడు ఫోటోలలో ఉన్నాడు, ఏడింటిలోనూ ఆయనకు పేరు లేదు. కాబట్టి మళ్ళీ రాకపోవచ్చుననే భయం నిజమైనదే అయినా, ఆ భయానికి మందు మరో వంద ఫ్రేములు తీయడంలో లేదు. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఇంగ్లండు ఫోటోగ్రాఫర్ సర్ బెంజమిన్ స్టోన్ 1897లో, తన దేశపు వేడుకలు కనుమరుగవుతాయన్న భయంతోనే, వాటిని ఫోటోలలో భద్రపరిచే సంఘాన్ని స్థాపించాడు. అది 1910 వరకు నడిచి, సేకరించిన చిత్రాలను బ్రిటిష్ మ్యూజియంలో ఉంచింది. వాటి విలువ సగం బొమ్మలో, సగం కింద రాసిన వివరంలో ఉంది: ఏ ఊరు, ఏ వేడుక, ఏ ఏడు. ఇప్పుడు నేను ఇంటికి రాగానే మొదట చేసే పని ఎంపిక కాదు, తేదీ, చోటు, పేర్లు రాయడం. కెమెరా గడియారం సరిగ్గా ఉందో లేదో బయలుదేరేముందే చూసుకుంటాను. ఒక ఏడాదంతా నా ఫోటోలు ఐదున్నర గంటలు వెనుకబడి ఉన్నాయన్నది వేరే కథ.

చివరిగా, ఊరేగింపులో డోలు వాయించే ఒక పెద్దాయన సంగతి చెబుతాను. మూడేళ్ళ క్రితం ఆయనను తీసిన ఫోటో నాకు గర్వంగా ఉండేది. చెయ్యి తలకంటే పైకి లేచి ఉంది, వెనుక సాయంకాలపు ఆకాశం, చెమట చుక్కలతో సహా స్పష్టంగా ఉంది. మరుసటి ఏడు దాన్ని పెద్దగా అచ్చు వేయించి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. “బాగుంది నాయనా,” అన్నారు, “కానీ ఇది వాయించడం కాదు. దెబ్బ పడేటప్పుడు చెయ్యి ఇంత పైకి లేవదు. నువ్వు చూస్తున్నావని లేపాను.” పక్కనున్న ఆయన మనవడు నవ్వాడు. నేను ఎన్నో ఏళ్ళుగా చూస్తూ, వింటూ, పుస్తకంలో రాసుకుంటూ కూడా కనిపెట్టలేకపోయిన విషయాన్ని, ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టగానే ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. మరి అసలు వాయింపు ఎక్కడుంటుందని అడిగాను. ఎడమవైపు వచ్చి నిలబడమనీ, మణికట్టు చూడమనీ, ఊరేగింపు ఆగినప్పుడు కాక నడుస్తున్నప్పుడు చూడమనీ చెప్పారు.

ఆ ఏడు ఎడమవైపు నడుస్తూ మణికట్టునే చూశాను, తీయలేదు. పోయిన ఏడు తీశాను. ఆ ఫోటోలో చెప్పుకోదగ్గ ఆకాశం లేదు, చెయ్యి నడుము దాటి లేవలేదు, చూపించినవారెవరూ పెద్దగా మెచ్చుకోలేదు. దాన్నీ అచ్చు వేయించి ఉంచాను. వెనుక పేరూ తేదీ రాశాను. వచ్చే నెల ఊరేగింపుకు ముందే ఆయన ఇంటికి వెళ్ళి ఇవ్వాలి. ఈసారి ఏమంటారోనని కాస్త బెరుకుగానే ఉంది.